రోగి తన జబ్బును తానే చూసుకునేలా నేర్పే కార్యక్రమాలు: గుంపులు ఎలా కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నారు. బీపీ, షుగర్, ఆయాసం, గుండె వైఫల్యం లాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకు సొంతంగా జబ్బు చూసుకోవడం నేర్పే కార్యక్రమాల మీద మీ థీసిస్. ముప్పై దాకా కార్యక్రమాలు పోగయ్యాయి. ముందు జబ్బుల వారీగా విడదీశారు. తర్వాత యాప్, ఫోన్, ముఖాముఖి, గ్రూపు అని విడదీశారు. ఎలా విడదీసినా ఒకే గుంపులో పడ్డవాటి ఫలితాలకు ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. గైడ్‌ని అడిగితే "ఏదో ఒక ఫ్రేమ్‌వర్క్ పట్టుకో" అన్నారు. ఏది పట్టుకోవాలి అన్నది మీ సందేహం.

ఫ్రేమ్‌వర్క్ (కార్యక్రమాలను విడదీసే వర్గీకరణ చట్రం) ఉంది, దాని పేరు ప్రిజమ్స్. దాని గురించి కిందకి వచ్చాక చెబుతాను. కానీ దాన్ని ముట్టుకోకముందే ప్రతి కార్యక్రమాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇందులో చేరాక రోగి చేతికి కొత్తగా వచ్చిన పని ఏమిటి, ఆ పనిలో నిర్ణయం తీసుకునేది ఎవరు? నా మటుకు నేను ఎన్‌సీడీ (అంటుకోని దీర్ఘకాలిక జబ్బుల) కార్యక్రమాల మదింపులో ఇన్నేళ్లుగా ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న చూడలేదు. జబ్బు పేరు, యాప్ ఉందా లేదా అనేవి పైపై గుర్తులు. బస్సు రంగు చూసి అది ఏ ఊరు వెళ్తుందో చెప్పలేం కదా.

ఎందుకింత గట్టిగా అంటున్నానో సీఓపీడీ, అంటే ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉదాహరణతో చెబుతాను. మీ పొంతన లేని ఫలితాల్లో సగం బహుశా అక్కడివే అయ్యుంటాయి.

కెనడాలోని క్యుబెక్‌లో 2003లో ఒక ట్రయల్ (కార్యక్రమంలో ఉన్నవాళ్లను మామూలు వైద్యం పొందేవాళ్లతో పోల్చే ప్రయోగం) ఫలితాలు వచ్చాయి. ఏడు ఆసుపత్రులు, 191 మంది రోగులు. శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది ఇంటికే వెళ్లి, వారానికి గంట చొప్పున ఏడెనిమిది వారాలు నేర్పారు. ఇన్‌హేలర్ వాడకం, ఊపిరి పట్టేసినప్పుడు చేయాల్సింది, వ్యాయామం అన్నీ అందులో ఉన్నాయి. ఆయాసం ముదిరితే వెంటనే మొదలుపెట్టుకోవడానికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కోర్సుతో రాతపూర్వకమైన ప్లాన్ ఇచ్చారు. తర్వాత నెలనెలా ఫోన్ చేశారు. ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరడాలు దాదాపు 40 శాతం తగ్గాయి. ప్రపంచమంతా దీన్ని ఆదర్శంగా తీసుకుంది.

2012లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. కాగితం మీద చూస్తే అవే దినుసులు: విడివిడిగా క్లాసులు, ఒక గ్రూపు క్లాసు, ప్లాన్, ముందుగానే రాసిచ్చిన మందులు, ఫోన్ కాల్స్. 960 మందిని చేర్చుకోవాలనుకున్నారు. 426 మంది చేరాక ఆపేయాల్సి వచ్చింది. కార్యక్రమంలో ఉన్నవాళ్లలో 28 మంది, మామూలు వైద్యం పొందుతున్నవాళ్లలో 10 మంది చనిపోయారు. ఎందుకలా జరిగిందో పరిశోధకులు ఎంత వెతికినా తృప్తికరమైన కారణం దొరకలేదు.

అదే ఏడాది స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి మూడోది వచ్చింది. 464 మంది, నర్సులు ఇంటికి వెళ్లి నేర్పారు. మొత్తం మీద లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ శిక్షణ పొందినవాళ్లలో 42 శాతం మంది ప్లాన్‌ను సరిగ్గా వాడుకోగలిగారు, వాళ్లు ఆసుపత్రిలో చేరడం తగ్గింది. వాళ్లెవరని చూస్తే, మిగతావాళ్ల కంటే వయసులో చిన్నవాళ్లు, ఇంట్లో తోడున్నవాళ్లు.

జబ్బు వారీగా పెట్టినా, ముఖాముఖి, ఫోన్ అని పెట్టినా ఈ మూడూ ఒకే డబ్బాలో పడతాయి. సగటు తీస్తే "ఓ మోస్తరు ప్రయోజనం" అని వస్తుంది, ఆ వాక్యానికి ఏ అర్థమూ ఉండదు. మూడింట్లోనూ రోగికి అప్పగించింది ఒక బరువైన నిర్ణయం: ఈ రోజు ఆయాసం మామూలుదా, ముదిరిందా? స్టెరాయిడ్ మొదలుపెట్టాలా, ఆసుపత్రికి పరిగెత్తాలా? ఇలాంటి నిర్ణయం అప్పగించిన కార్యక్రమాన్నీ, ఆవిరి పట్టడం గురించి కరపత్రం ఇచ్చినదాన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టడానికి వీల్లేదు. నిర్ణయం అప్పగించాక రోగి వెనకాల ఎవరు నిలబడ్డారు, ఎంత త్వరగా దొరికారు, ఆ రోగికి అప్పటికే జబ్బు ఎంత ముదిరింది అనేవి కూడా మీ పట్టికలోకి రావాలి.

ఇక ఈ ప్రశ్నతో కార్యక్రమాలు ఎలా విడిపోతాయో చూద్దాం. గీతలు మరీ పదునుగా ఉండవు, ఉండాల్సిన అవసరమూ లేదు.

కొన్నింట్లో రోగికి పని తగ్గుతుంది, పెరగదు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఎన్‌సీడీ కిట్ తీసుకోండి. నెలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని గుర్తులున్న సంచి, ఇంటి దగ్గరికి వచ్చే ఆశా. ఇది చాలా మంచి పని. కానీ ఇక్కడ రోగి చేయాల్సిందల్లా వేళకు మాత్ర వేసుకోవడం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలై నెలకోసారి ఊరికి వచ్చిన 104 బండి కూడా అంతే. పరీక్ష, మందులు, రిజిస్టర్‌లో ఎంట్రీ, మళ్లీ వచ్చే నెల. 2017లో మొదలై తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో ముందుగా నడిచిన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలోనూ బలమంతా ఒకే రకం చికిత్సా విధానం, 30 రోజుల మందులు, ఇంటికి దగ్గరలో ఫాలోఅప్, ఎవరు రాలేదో పట్టుకునే రికార్డు. వీటిని చాలామంది "స్వీయ నిర్వహణ" కింద రాసేస్తారు. నేనైతే మందుల సరఫరా, క్రమబద్ధమైన సమీక్ష అని రాస్తాను. ఇవి లేకుండా మిగతావేవీ నిలబడవు కాబట్టి చిన్నచూపేమీ లేదు. వర్గం వేరు, అంతే.

తర్వాతి రకంలో రోగి కొలుస్తాడు, నిర్ణయం మాత్రం క్లినిక్‌ది. ఆ తర్వాతి రకంలో కొలిచేదీ నిర్ణయించేదీ రోగే. ఈ రెండింటి తేడా చూపడానికి ఇంగ్లండ్‌లో జరిగిన రెండు బీపీ ట్రయల్స్ కంటే మంచి జత నాకు తెలియదు. 2010లో వచ్చిన టాస్మిన్‌హెచ్-2లో రోగులు ఇంట్లో మెషిన్‌తో బీపీ చూసుకున్నారు. రీడింగ్ వరుసగా ఎక్కువగా ఉంటే, ముందే డాక్టరుతో ఒప్పుకున్న ప్రకారం మందు తామే పెంచుకున్నారు. ఏడాదికి పై బీపీ మామూలు వైద్యం కంటే 5.4 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. 2018లో వచ్చిన టాస్మిన్‌హెచ్-4లో కూడా ఇంట్లో మెషినే. కానీ రీడింగులు చూసి మందు మార్చింది డాక్టరు. అక్కడ కూడా బీపీ తగ్గింది, మామూలు వైద్యంలో 140 దగ్గర ఉంటే వీళ్లలో 136, 137 దగ్గరికి వచ్చింది. రెండూ పనిచేశాయి. కానీ రెండోదాన్ని మన పీహెచ్‌సీలో పెట్టాలంటే రీడింగులు చూడటానికి డాక్టరుకు టైమ్ ఉండాలి. మొదటిదానికి రోగికి ధైర్యం, చదువు, ముందే రాసిచ్చిన మందు ఉండాలి. "ఇంట్లో బీపీ చూసుకోవడం" అని ఒకే పేరు పెడితే, మీ థీసిస్ చదివిన జిల్లా ప్రోగ్రామ్ ఆఫీసరుకు ఏది తెచ్చుకోవాలో తెలియదు.

షుగర్‌లోనూ ఇదే సంగతి. డాఫ్నే, డెస్మండ్ రెండూ బ్రిటన్‌లో నడిచే గ్రూపు క్లాసులే, రెండూ షుగర్‌కే. మూలం జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో ఉన్న డాఫ్నే ఐదు రోజుల కోర్సు. టైప్-1 వాళ్లు తినబోయే అన్నంలో, రొట్టెలో పిండిపదార్థం ఎంతో లెక్కేసి ఇన్సులిన్ డోసు తామే నిర్ణయించుకోవడం అందులో నేర్చుకుంటారు. 2002లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌లో ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) దాదాపు ఒక శాతం పాయింటు తగ్గింది. డెస్మండ్ ఆరు గంటల క్లాసు, టైప్-2 కొత్తగా బయటపడ్డవాళ్లకు. 2008 ట్రయల్‌లో 824 మంది. ఏడాదికి హెచ్‌బీఏ1సీలో మామూలు వైద్యంతో తేడా కనబడలేదు. బరువు, పొగతాగడం తగ్గాయి, జబ్బు గురించిన అవగాహన మారింది. డెస్మండ్ విఫలమైందని రాసేవాళ్లను చూశాను. ఆరు గంటల్లో వాళ్లు రోగికి అప్పగించింది తిండి, నడక, పొగాకు గురించిన ఆలోచన. డోసు మార్చే అధికారం కాదు. అప్పగించిన పనిని బట్టి ఫలితం అడగాలి.

నాలుగో రకం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ముప్పైలో చాలావాటికి తాత అదే. స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ మొదట 1970ల చివర్లో కీళ్లవాతం రోగుల కోసం మొదలుపెట్టారు. తర్వాత ఏ దీర్ఘకాలిక జబ్బుకైనా పనికొచ్చేలా మార్చారు. ఆరు వారాలు, వారానికి రెండున్నర గంటలు, పది పదిహేను మంది. నడిపేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఇద్దరు మామూలు మనుషులు. వాళ్లలోనూ ఒకరికో ఇద్దరికో ఏదో ఒక జబ్బు ఉంటుంది. షుగర్ మనిషి పక్కన గుండె జబ్బు మనిషి, ఆయన పక్కన కీళ్లనొప్పుల మనిషి కూర్చుంటారు. ఏ మాత్ర వేసుకోవాలన్న చర్చ దాదాపు ఉండదు. ప్రతి వారం ఒక చిన్న పని అనుకోవాలి: "ఈ వారం నాలుగు రోజులు సాయంత్రం పావుగంట నడుస్తాను." చేయగలనన్న నమ్మకం సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతారు. ఏడు కంటే తక్కువైతే ఆ పనిని ఇంకా చిన్నది చేస్తారు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన, "నేను చేయగలను" అనే నమ్మకం సిద్ధాంతమే దీనికి పునాది. 952 మందితో చేసిన ట్రయల్ 1999లో వచ్చింది. ఆరోగ్య అలవాట్లు మెరుగై, ఆసుపత్రిలో చేరడాలు, అక్కడ గడిపే రోజులు తగ్గాయి.

బ్రిటన్ దీన్ని ఎక్స్‌పర్ట్ పేషెంట్స్ ప్రోగ్రామ్ అని 2001లో ప్రభుత్వ విధానంగా తీసుకుంది. 629 మందితో జరిగిన ట్రయల్ ఫలితం 2007లో వచ్చింది: నమ్మకం, ఒంట్లో ఓపిక పెరిగాయి. మామూలు ఆరోగ్య సేవల వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఖర్చు తగ్గుతుందని ఆశపడ్డవాళ్లు నిరాశపడ్డారు. కోర్బిన్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1988లోనే చెప్పారు, దీర్ఘకాలిక రోగికి మూడు పనులుంటాయని: మందులు, పరీక్షలు చూసుకోవడం ఒకటి, కూతురిగానో, రైతుగానో, టీచరుగానో తన పాత్రను జబ్బుతోపాటే నడిపించుకోవడం రెండోది, భయం, కోపం, దిగులు సంభాళించుకోవడం మూడోది. స్టాన్‌ఫర్డ్ బలమంతా రెండు, మూడు పనుల్లో ఉంది. దాన్ని హెచ్‌బీఏ1సీతో మాత్రమే కొలిచి, పక్కన డాఫ్నేను పెట్టి ఏది గొప్పని అడిగితే ప్రశ్నే తప్పు. మీ పట్టికలో ఈ మూడు పనులకు మూడు గడులు పెట్టండి. మన దేశపు కార్యక్రమాల్లో మూడో గడి ఎంత ఖాళీగా ఉంటుందో మీకే కనబడుతుంది. ఖాళీ కానివి ఉన్నాయి. ఇండిపెండెంట్ అనే ట్రయల్ 2020లో వచ్చింది. షుగర్‌తోపాటు డిప్రెషన్ కూడా ఉన్న 404 మంది మీద నాలుగు క్లినిక్‌లలో చేశారు, అందులో ఒకటి విశాఖపట్నంలోది. డాక్టర్లు కాని కేర్ కోఆర్డినేటర్లు రోగిని వెంటబడి చూసుకున్నారు, వెనక నిపుణులు కేసులు సమీక్షించారు. డిప్రెషన్, షుగర్ రెండూ కలిపి చూసినప్పుడు మామూలు వైద్యం కంటే మెరుగైంది.

ఇప్పుడు ప్రిజమ్స్. బ్రిటన్‌లో సమీక్షలన్నీ జల్లెడ పట్టి, స్వీయ నిర్వహణకు ఇచ్చే సాయాన్ని 14 రకాల దినుసులుగా విడగొట్టారు, ఆ వర్గీకరణ 2016లో వచ్చింది. జబ్బు గురించి సమాచారం, దొరికే సేవల సమాచారం, ముందస్తు ప్లాన్ లేదా అవసరానికి మందు, క్రమం తప్పని సమీక్ష, కొలతలు చూసి చెప్పడం, మందులు మానకుండా చేయూత, పరికరాలు, అవసరమైనప్పుడు సలహా దొరకడం, డాక్టరుతో మాట్లాడటంలో శిక్షణ, రోజువారీ పనుల్లో శిక్షణ, ఇన్సులిన్ వేసుకోవడం లాంటి చేతిపనుల శిక్షణ, మనసును నిభాయించుకునే పద్ధతులు, సామాజిక అండ, జీవనశైలి. వీటికి అడ్డంగా మరో నాలుగు విషయాలు రాయాలి: ఎలా అందించారు, ఎవరు అందించారు, ఎవరి కోసం, ఎంత మోతాదులో ఎంతకాలం. మీరు చేసిన యాప్, ఫోన్, గ్రూపు విభజన ఈ నాలుగింటిలో ఒక్కదానికే సరిపోతుంది. అందుకే అది మోయలేకపోయింది.

ఇందులో మంచి ఏమిటంటే ఒక కార్యక్రమాన్ని ఒకే డబ్బాలో కుక్కనక్కర్లేదు. క్యుబెక్ కార్యక్రమానికి ఆరేడు టిక్కులు పడతాయి, ఎన్‌సీడీ కిట్‌కు రెండో మూడో. మీకు ఎవరైనా 2013లో వచ్చిన, ప్రవర్తనను మార్చే 93 పద్ధతుల జాబితా వాడమని చెప్పవచ్చు. పీజీ థీసిస్‌కు వద్దు. అంత సన్నగా కోడింగ్ (ఏ పేపర్‌లో ఏ దినుసులున్నాయో గుర్తుపెట్టడం) చేయడానికి కావలసిన వివరం చాలా పేపర్లలో ఉండదు. "రోగులకు కౌన్సెలింగ్ ఇచ్చాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేసినవాళ్ల దగ్గర 93 పద్ధతులు ఎక్కడ వెతుకుతారు?

కానీ ప్రిజమ్స్‌కు ఆధారమైన పరిశోధనలు చాలామటుకు డబ్బున్న దేశాలవి. మన దగ్గరికి తెచ్చేటప్పుడు రెండు గడులు మీరే చేర్చుకోవాలి. మొదటిది, మందుల, షుగర్ పరీక్ష స్ట్రిప్పుల ఖర్చు ఎవరు భరిస్తున్నారు. గ్లూకోమీటర్ ఇచ్చి స్ట్రిప్పులు ఇవ్వకపోతే రెండో నెలకు అది అల్మారాలో ఉంటుంది. రెండోది, ఇంట్లో ఆ పని చేసేది ఎవరు. బీపీ ఆయనకు ఉంటుంది, కూరలో ఉప్పు వేసేది ఆవిడ. ఇన్సులిన్ అమ్మమ్మకు, సిరంజిలో యూనిట్లు చూసేది ఇంటర్ చదివే మనవరాలు. గ్లాస్గోలో తోడున్నవాళ్లే నెగ్గారని గుర్తుంది కదా. బెంగళూరులో మొదలైన నూరా హెల్త్ లాంటి సంస్థలు ఆసుపత్రిలోనే కుటుంబ సభ్యులను కూర్చోబెట్టి నేర్పడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. ప్రిజమ్స్‌లో ఇది "సామాజిక అండ" కింద ఎక్కడో ఇరుక్కుపోతుంది. విడి గడి ఇవ్వండి.

మీ జాబితాలో తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగర్ రాకుండా ఆపే కార్యక్రమాలు వేరు. దక్షిణ భారతంలో 537 మంది మగవాళ్లకు ఎస్ఎంఎస్‌లు పంపి రెండేళ్లు చూసిన 2013 ట్రయల్ బాగుంది, షుగర్ వచ్చినవాళ్లు ఎస్ఎంఎస్‌లు అందనివాళ్లలో 27 శాతం, అందినవాళ్లలో 18 శాతం. కేరళలో పోలింగ్ బూత్ ఏరియాలను యూనిట్లుగా తీసుకుని, స్థానికులతోనే గ్రూపులు నడిపించిన ప్రయోగమూ ముచ్చటైనదే. కానీ వాటిలో ఉన్నవాళ్లకు ఇంకా జబ్బు లేదు. జబ్బుతో బతికే పని వాళ్లకు మొదలవలేదు.

పశ్చిమ గోదావరిలో జరిగిన స్మార్ట్‌హెల్త్ ట్రయల్ మీకు తికమక పెట్టి ఉంటుంది. 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్లు. ఆశాల చేతిలో ట్యాబ్, గుండె జబ్బు ముప్పు లెక్కగట్టి డాక్టరు దగ్గరికి పంపించే సాఫ్ట్‌వేర్. జనం డాక్టరు దగ్గరికి వెళ్లడం పెరిగింది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "డిజిటల్ స్వీయ నిర్వహణ" గుంపులో పెడితే ఇది వైఫల్యంగా కనబడుతుంది. నా ప్రశ్న అడిగి చూడండి: రోగి చేతికి కొత్తగా ఏ పని వచ్చింది? పెద్దగా ఏమీ లేదు. ట్యాబ్ ఆశా చేతిలో ఉంది, నిర్ణయం డాక్టరుది. ఇది ఆశాకు, డాక్టరుకు ఇచ్చిన సాయం. ఆ వరుసలోనే ఉంచి చదవండి.

కోడింగ్ ఎలా చేయాలో నాలుగు మాటలు. మీరొక్కరే చేయకండి. మీ బ్యాచ్‌మేట్ ఒకరిని కూర్చోబెట్టి, ముందు ఐదారు పేపర్లు విడివిడిగా కోడ్ చేసి పోల్చుకోండి. ఎక్కడ తేడా వస్తుందో అక్కడ నిర్వచనం రాసుకుని తర్వాత మిగతావి చేయండి, కప్పా విలువ (మీ ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో చెప్పే అంకె) అప్పుడు లెక్కగట్టండి. ప్లాన్ చేసింది ఒక రంగు, నిజంగా అందింది ఒక రంగు వేయండి. ఆరు క్లాసులని రాసి సగటున మూడింటికే జనం వచ్చిన కార్యక్రమాలు కొల్లలు. అలాగే, పోలికకు పెట్టిన "మామూలు వైద్యం"కి కూడా ఇవే 14 గడులు నింపండి. దీన్ని దాదాపు ఎవరూ చేయరు. ఇంగ్లండ్‌లో మామూలు వైద్యమంటే రికార్డు తెలిసిన ఫ్యామిలీ డాక్టరు, కావాలంటే దొరికే నర్సు. మన దగ్గర మామూలు వైద్యమంటే ఒక్కో జిల్లాలో ఒక్కోటి. అక్కడ ఏమీ సాధించని కార్యక్రమం ఇక్కడ సాధించవచ్చు, ఎందుకంటే అక్కడ అందరికీ అప్పటికే ఉన్నది ఇక్కడ కొత్తగా ఇచ్చినట్టవుతుంది.

ఇంకో మాట, గైడ్‌తో వాదన రాకుండా ఉండటానికి. నిర్ణయం ఎవరిదన్న నా విభజన ఎక్కడో అచ్చయిన ఫ్రేమ్‌వర్క్ కాదు. దాన్ని మెథడ్స్‌లో "విశ్లేషణ కోసం మేం చేసుకున్న విభజన" అని రాసి, ప్రిజమ్స్‌ను ప్రధాన వర్గీకరణగా చూపించండి. ముప్పైలో మీకు ఎటూ తేలని నాలుగైదింటి పేర్లు, వాటిలో రోగికి ఏం అప్పగించారో ఒక్కో వాక్యంలో రాసి పెట్టండి, చూసి చెబుతాను.